కాలువలో బోర్డు, గట్టు మీద జాతర ఎద్దులు

నీళ్ళ మీద ఎగిరే బోర్డు గురించి నా ముందు ఎవరూ మాట్లాడకండి. మాట్లాడితే చెప్పు తీస్తాను. ముందు నా నెత్తి మీద కొట్టుకుని, ఆ తర్వాత మీ వైపు తిరుగుతాను. ఆ దిక్కుమాలిన బోర్డు వల్ల మామ దగ్గర మర్యాద, ఊళ్ళో ముఖం, ముందు పంటిలో ఒక ముక్క పోగొట్టుకున్నవాణ్ణి నేను. ఏళ్ళు గడిచాయి గానీ నా మీద నాకు కోపం మాత్రం తగ్గలేదు. మీరు నవ్వుకోండి. నాకు పోవలసినవన్నీ అప్పుడే పోయాయి.

ఆదోనిలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. కాపురం మాత్రం ఎమ్మిగనూరు దారిలో, కాలువ పక్కనున్న మామగారి ఊళ్ళో. మా మామ ఉరుకుందప్పకు బండలాగుడు పందేలకు పోయే ఎద్దుల జత ఉంది. ఆ ఇంట్లో ఎద్దులకు ఉలవలు, అల్లుడికి సద్దన్నం. అదేమని అడిగితే, "అవి బండ లాగుతాయి, నువ్వేం లాగుతావప్పా?" అంటుంది మా ఆవిడ నాగవేణి.

ఎమ్మిగనూరు జాతరలో అలాంటి జతకు పగ్గాలు పట్టడమంటే మా వైపు పెళ్ళికొడుకు కావడం కన్నా పెద్ద సంగతి. పెళ్ళికొడుకు ఎవడైనా అవుతాడు. పెళ్ళైన నాటి నుంచి మామను బతిమాలుతుంటే, చివరికి ఆ ఏడు, "సరేలే అల్లుడా, ఈ తూరి పగ్గాలు నువ్వే పట్టు" అన్నాడు. జాతర ఇంకో వారంలో ఉంది. ఆ ఒక్క వారం చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే సరిపోయేది. కూర్చుంటే నేను నేనెందుకవుతాను?

సరిగ్గా అప్పుడే ఖాజా దిగాడు. నా చిన్ననాటి స్నేహితుడు, పత్తి లారీ డ్రైవరు. సముద్రం వైపు లోడు దించి వస్తూ లారీలో ఒక వస్తువు తెచ్చాడు. మనిషి నిలబడేంత బల్ల, బల్ల కింద నడుమెత్తు కమ్మీ, కమ్మీ చివర రెండు రెక్కలు. అచ్చం ఇస్త్రీ బల్లకు కాలొకటే మిగిలినట్టుంది.

"ఇదేమిరా?"

"నీళ్ళ మీద ఎగిరే బోర్డు భాయ్. వేగంగా పోతే ఈ రెక్కలు బల్లను పైకి లేపుతాయి. మనిషి గాల్లో పోతాడు. ఆడ ఓటేలాయన పారేస్తాంటే తెచ్చినా."

"మోటారు ఏదిరా?"

"మోటారుంటే నాకెందుకిస్తాడు భాయ్?"

అంతే, నాకు పిచ్చి పట్టింది. షాపులో మోటార్లు గుట్టపడి ఉంటే నేను ఫోనులో వీడియోలు చూస్తూ కూర్చున్నాను. తేలిందేమంటే, దారులు మూడు. మొదటిది, మోటారూ బ్యాటరీ అన్నీ లోపలే ఉన్న కరెంటు బోర్డు కొనడం. చేతిలో రిమోటు నొక్కితే చాలు, చప్పుడు లేకుండా పోతుంది. దాని ధర చూసి ఫోను బోర్లా పెట్టేశాను. ఆ డబ్బుకు ఇంకో జత ఎద్దులొస్తాయి, మిగిలినదాంతో వాటికి పెళ్ళి కూడా చేయొచ్చు.

రెండోది, ఉన్న బోర్డు కమ్మీకే చిన్న మోటారు తగిలించుకోవడం. పైకి లేచేదాకా మోటారు, లేచాక ఆపేసి అలల మీద పోవడమట. మా కాలువలో అలలెక్కడివండీ? బర్రె దిగితే వచ్చేదే అల. అయినా మోటారు మేస్త్రీని కదా, ఆగుతానా! సొంతంగా మోటారు బిగించి, ఆటో బ్యాటరీ ఒకటి బల్ల మీద కట్టి కాలువలో దింపాను. బోర్డు ముక్కు వంచి ఒక దండం పెట్టి మునిగిపోయింది.

ఇక మిగిలింది మూడోది, తాడు కట్టి లాగించుకోవడం. వీడియోల్లో పడవలు లాగుతున్నాయి. ఆదోనిలో పడవెక్కడిది? ఖాజా తన బైకుకు తాడు కట్టి గట్టు మీద నడిపాడు. బైకు నన్ను లాగలేదు, నేనే బైకునీ ఖాజానీ కాలువలోకి లాగాను. వాడు నీళ్ళు కక్కుతూ లేచి, "గట్టు మీద జారకుండా లాగేది ఏదన్నా కావల్ల భాయ్" అన్నాడు.

జారకుండా లాగేది! మా కొట్టంలో ఉలవలు నములుతున్నవి ఏమిటి మరి?

మర్నాడు మామ పత్తి అమ్మడానికి ఆదోనికి పోయాడు. ఎద్దుల్ని విప్పుతుంటే నాగవేణి గుమ్మంలో నిలబడింది.

"యాడికి తోలుకపోతాండావు?"

"నీళ్ళు తాపను."

"నీళ్ళు తాపను కాడి ఎందుకు? బుజాన ఆ ఇస్త్రీ బల్లెందుకు?"

నేను బల్లను రెండో భుజానికి మార్చుకున్నాను.

"మా నాయన రానీ, నీకు తాపుతాడు నీళ్ళు" అని లోపలికి పోయింది.

ఆ మాట వినలేదు చూడండి, అక్కడ నన్ను చెప్పుతో కొట్టాలి. సరే, వినండి. మామ రోజూ ఎద్దులకు సాధకం చేయించేది కాలువ గట్టు మీదే. వంతెన దగ్గర బయలుదేరి, తూము దాకా బండ లాగి, అక్కడ మళ్ళుకుని వెనక్కి రావాలి. పందెంలో కూడా అంతే, చివరిదాకా పోయి తిరిగి రావాలి. వాటికి అలవాటైన చోటే మంచిదని నేనూ అక్కడికే తోలుకుపోయాను. కాడి నుంచి మోకు తెచ్చి బోర్డు ముక్కుకు గట్టిగా కట్టి, వంతెన కింద దాని మీద బోర్లా పడుకున్నాను. పగ్గాలు ఖాజా చేతికిచ్చాను.

"గేరు యాడుండాది భాయ్?"

"హోయ్ అను, సాలు."

"హోయ్!" అన్నాడు ఖాజా.

వెనక బండ ఉందనుకుని ఎద్దులు ఎప్పట్లాగే ప్రాణం పెట్టి లాగాయి. బండ లేదు. ఉన్నది నేను. దూకిన దూకుడుకు బోర్డు నీళ్ళలోంచి లేచింది. ఎలా నిలబడ్డానో నాకే తెలియదు, నిలబడ్డాను. కింద చప్పుడు లేదు, తడి లేదు, గాలిలో పోతున్నాను! చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు.

"ఉరుకుందప్ప అల్లుడు నీళ్ళ మీద పోతాండాడే!"

"ప్రభువా!" అని ఒకామె చేతులు జోడించింది.

నేను కూడా చెయ్యెత్తి దీవించబోయాను. అంతలో తూము వచ్చింది.

తూము రాగానే ఎద్దులు మళ్ళుకున్నాయి. రోజూ మళ్ళుకునే ఎద్దులు మళ్ళుకోక ఏం చేస్తాయి? జాతరలో పగ్గాలు పట్టబోయే మొనగాడికి ఆ ముక్క గుర్తులేదు!

"ఆపురా!"

"బ్రేకు యాడుండాది భాయ్?" అని అరిచి ఖాజా పగ్గాలు వదిలేశాడు.

బోర్డు ఆగింది. నేను ఆగలేదు. నా పంటి ముక్క ఇప్పటికీ ఆ తూము గోడకే ఉండాలి. తల ఎత్తి చూస్తే, ఎద్దులు వెనక్కి పరుగెడుతూ బోర్డును కాలువలోంచి గట్టు మీదికి ఈడ్చేశాయి. అది రాళ్ళ మీద ఖంగుమన్నప్పుడల్లా బెదిరి ఇంకా వేగంగా పరుగెత్తాయి. బోర్డు వాటి వెనక కాళ్ళ దగ్గరే ఎగిరెగిరి పడుతోంది. ఆ రెక్క ఒక్కసారి నరానికి తగిలిందా, జాతరే కాదు, జతే పోతుంది. అప్పుడు భయమేసింది నాకు, నిజంగా. తడి నిక్కరుతో, రక్తం కారే నోటితో, ఏడుస్తూ వాటి వెంట పరుగెత్తాను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినవాడు నాకన్నా నయం, వాడి చేతిలో తోకైనా ఉంది.

ఎద్దులు నేరుగా ఇంటికి పోయాయి. మామ అప్పుడే ఆటో దిగుతున్నాడు. ఆయన్ని చూసి ఆగాయి. మామ నా ముఖం చూడలేదు. కింద కూర్చుని ఒక్కో కాలూ తడిమాడు. ఒకదానికి గిట్ట పైన గీరుకుంది, అంతే. నాగవేణి పసుపు తెచ్చి అద్దింది. మామ లేచాడు. బోర్డు వైపు చెయ్యి చూపించాడు.

"ఏమిదీ?"

"బోర్డు మామా. నీళ్ళ మీద ఎగురుతుంది."

"నా ఎద్దులెందుకు?"

"దానికి మోటారు లేదు మామా."

"నువ్వేం పని జేస్తావు?"

"మోటార్లు బాగు చేస్తా మామా."

ఆ తర్వాత మామ అన్నవి అచ్చులో పడేవి కావు. పడేవాటిలో ఆఖరిది మాత్రం చెబుతాను: "పొద్దున్నే గట్టుకాడికి రా."

క్షమించాడనుకున్నాను. తలకు కొత్త రుమాలు చుట్టి మరీ పోయాను. ఎద్దులు కాడి కింద సిద్ధంగా ఉన్నాయి. వెనక బండ కట్టి ఉంది. పగ్గాలకు చెయ్యి చాపాను.

"ఆడ కాదప్పా. బండకు బరువు సాలడంల్యా. ఎక్కి కూసో. లాగించుకోవల్లని శానా ఆశ గదా నీకు!"

కూర్చున్నాను. పగ్గాలు పట్టింది ఎవరనుకున్నారు? మా ఆవిడ! చేలో ఆడవాళ్ళు నడుములు పట్టుకుని నవ్వుతుంటే, బండ మీద నేను, ముందు నాగవేణి. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి చూసి అంది:

"గట్టిగా పట్టుకో. తూము వస్తాండాది."

అందువల్ల పారే కాలువ సాక్షిగా, విరిగిన పంటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కరెంటుదైనా, తగిలించినదైనా, తాడు కట్టినదైనా, ఈ జన్మలో నీళ్ళ మీద ఎగిరే దేన్నీ ఎక్కను. బండ మాత్రం ఎక్కక తప్పదు, ఏటా జాతర ముందు అది నా ఉద్యోగం. ఈ ఏడు కాస్త చిక్కానని మామకు బెంగ పట్టుకుంది. అందుకే వారం నుంచి నాకూ ఉలవలు పెడుతున్నారు.