ముమ్మెల్‌జే దారిలో వెనక చక్రాలకు కట్టిన మంచు గొలుసులు

మా అల్లుడు శ్రీకాంత్ పోయిన దసరా తర్వాత పాత క్యాంపర్ వ్యాన్ ఒకటి కొన్నాడు. లోపలే మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు ఉండే బండి. కార్ల్స్‌రూహెలో వాళ్ళ ఇంటి ముందు అది రెండు నెలలు ఊరికే నిలబడి ఉంది. డిసెంబరులో నేను మా అమ్మాయి లావణ్య దగ్గరికి వచ్చాను. అదే వారం అల్లుడి తల్లి సావిత్రమ్మగారూ వచ్చారు. ఆమె ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. నేను నాలుగో తరగతిలో బడి మానేసి, ముప్పై ఎనిమిదేళ్ళు కోదాడ నుంచి నాగపూర్, రాయపూర్ దాకా సిమెంటు లారీ తోలినవాణ్ణి. కొండ మీద మంచు చూడాలని ఆమె అడిగారు, అలా ఈ ప్రయాణం మొదలైంది. చదువు లేకపోయినా బండి సంగతి నాకు తెలుసని ఆమెకు చూపించాలన్న ఆశ నాకు ఉంది. అది దాచను.

ఈ దేశంలో రోడ్డు మీద మంచు గానీ, గడ్డకట్టిన నీళ్ళు గానీ ఉంటే చలికాలపు టైర్లు లేకుండా బండి నడపకూడదు. టైరు పక్కగోడ మీద కొండ బొమ్మ, అందులో మంచు రేకు బొమ్మ ఉండాలి. ఉత్త ఎం, ఎస్ అక్షరాలు ఉంటే ఇప్పుడు చెల్లదు. బండి అమ్మినవాడు నాలుగు చలికాలపు టైర్లు కూడా ఇచ్చాడు. గ్రిప్పు బాగానే ఉందని అల్లుడు సంతోషపడ్డాడు. నేను వేలితో పక్కగోడ నొక్కి చూశాను, సన్నటి పగుళ్ళు కనబడ్డాయి. పెద్ద చదువు లేదు గానీ అంకెలు వచ్చు. టైరు మీద చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లెక్క చూస్తే పదేళ్ళ టైర్లు.

"గ్రిప్పు ఒక్కటి చూస్తే అయిపోదు అల్లుడూ, రబ్బరు చూడాలె. ఇది ఎండిన తోలు" అన్నాను.

గురువారం పొద్దున ఎనిమిదింటికి టైర్ల షెడ్డులో టెర్మిన్, అంటే ఇక్కడివాళ్ళు ముందే రాసిచ్చే టైము, దొరికింది. అక్కడి మేస్త్రీ నా ఈడువాడే. పాత టైర్లు చూసి, నా మాటే నిజమని నా భుజం తట్టాడు. ఆ తట్టుడుతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మూడున్నర టన్నుల బండికి కారు టైర్లు పనికిరావు, సైజు అంకెల చివర సి అక్షరం ఉన్న బరువు టైర్లే కావాలి. ఒక్కోటి నూటయాభై యూరోలు, బిగించి బ్యాలెన్సు చేసినందుకు వంద. టైరు మీది సైజు అంకెలు చూసి, దానికి సరిపోయే గొలుసులు తొంభై యూరోలకు ఇచ్చాడు. తర్వాత ఆయన గొలుసు పట్టుకుని బండి ముందుకు నడిచి, చక్రం పక్కన కూర్చుని ఏదో చూపించబోయాడు. అల్లుడు ఆయన వెనకే వెళ్ళాడు.

"చైన్ కట్టుడు నాకు చూపిస్తడా ఈయన? పైసలు కట్టి రా, పోదాం" అన్నాను. వానాకాలం బురదలో దిగబడిన లారీకి వెనక చక్రాలకు మోకు చుట్టి, ఎన్నిసార్లు బయటికి తీశానో నాకే లెక్క లేదు. అల్లుడు మేస్త్రీకి దండం లాంటిది పెట్టి వచ్చేశాడు.

శనివారం ఎనిమిదిన్నరకు బయలుదేరాం. లావణ్యకు డ్యూటీ ఉంది, రాలేదు. బండి అల్లుడు నడిపాడు, నేను పక్కన, సావిత్రమ్మగారు వెనక సీట్లో. ఏ5 హైవే మీద దక్షిణంగా వెళ్ళి, తొమ్మిదింబావుకు ఆఖెర్న్ దగ్గర దిగాం. అక్కడి నుంచి జేబాఖ్ అనే ఊరు దాటితే ముమ్మెల్‌జే సరస్సుకు ఎక్కుడు దారి. జేబాఖ్ దాటాక రోడ్డు తెల్లబడింది. నీలం గుండ్రం బోర్డు మీద గొలుసు చుట్టిన టైరు బొమ్మ కనబడింది. ఆ బోర్డు ఉంటే గొలుసులు కట్టాల్సిందే, కట్టాక యాభై కిలోమీటర్ల వేగం దాటకూడదు. పక్కన జాగా చూసి ఆపాం.

నేను గొలుసులు తీసుకుని నేరుగా వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. అల్లుడు పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

"మామయ్యా, ఇందులో బొమ్మ ముందు చక్రానికి వేశారు."

"బొమ్మలేసేటోడు ఎప్పుడన్నా లారీ తోలిండా? బండిని తోసేది వెనక చక్రం. నువ్వు లోపల కూసో, చేతులు కొంకర్లు పోతయ్."

సావిత్రమ్మగారు అద్దం దించారు. "అన్నయ్యగారూ, తొందరేముంది? ఆ పుస్తకం ఒకసారి చదివి చూద్దాం."

"చెల్లెమ్మా, పాఠం మీరు చెప్పుండ్రి, చక్రం నాకిడిసిపెట్టుండ్రి."

ఆమె అద్దం ఎత్తేశారు. నాకు నలభై నిమిషాలు పట్టింది. వేళ్ళకు స్పర్శ పోయింది గానీ గొలుసు గట్టిగా కూర్చుంది. గర్వంగా లేచి మోకాళ్ళ మంచు దులుపుకున్నాను.

మూడో మలుపులో ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. అల్లుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి ముక్కు కుడివైపే జారింది. రోడ్డంచు తెలియడానికి పాతిన పొడుగు కర్రను విరిచి, కుప్పపోసిన మంచులోకి బంపరు దిగి బండి ఆగింది. ఆ కుప్ప అవతల చెట్ల కొనలు కనబడ్డాయి, మొదళ్ళు కనబడలేదు. వెనక సావిత్రమ్మగారు సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.

మా వెనక బస్సొకటి ఆగిపోయింది. పావుగంటలో మంచు తోసే లారీ వచ్చింది. దాన్ని నడిపేది యాభై ఏళ్ళ ఆడమనిషి. దిగి, బండి చుట్టూ తిరిగి, వెనక చక్రాలు చూసి, బానెట్టు మీద అరచేత్తో చరిచి గట్టిగా ఏదో అంది. ఇంజను ముందు చక్రాలను తిప్పే బండి ఇది. ఆ చరుపుతోనే నాకు అర్థమైంది. గొలుసుల వైపు వేలు చూపించి, ఎవరు కట్టారని అడిగింది.

"ఇహ్" అన్నాడు అల్లుడు. నేను అని.

ఆ ముక్క నాకు తెలుసు. ఇక్కడికి వచ్చాక నేర్చుకున్న నాలుగు మాటల్లో అదొకటి. ఆమె అతణ్ణి బస్సు జనం ముందు చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టింది. నేను చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాను. ఆమె దగ్గరుండి చూపిస్తే పది నిమిషాల్లో గొలుసులు ముందుకు మారాయి. బండి మేకలా కొండెక్కింది. సరస్సు గడ్డకట్టి ఉంది, చుట్టూ తిరగడానికి ఇరవై నిమిషాలు చాలు. బాగుంటుందట. నేను నా బూట్లు చూసుకుంటూ నడిచాను.

సాయంత్రం ఇంటికొచ్చాక లావణ్య బంపరు సొట్ట చూసింది.

"చైన్లు నేనే తప్పు కట్టాను" అన్నాడు అల్లుడు.

"పక్కనే నాన్న ఉన్నడు కదా! ముప్పై ఎనిమిదేళ్ళు లారీ తోలిన మనిషి. ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? వెనక అత్తమ్మ కూసున్నది, ఏమన్నా అయితే?"

నా చేతిలో చాయ్ ఉంది. తాగాను. సావిత్రమ్మగారు నావైపు చూడలేదు, నేను తల దించుకునే అవసరం కూడా కలగనివ్వలేదు.

ఆదివారం మా తమ్ముడి ఇంటికి వీడియో కాల్ కలిపారు. "మా ఆయన ముందు చక్రాల బండికి వెనక చైన్లు కట్టిండు బాబాయ్" అని లావణ్య చెబితే అటు నలుగురూ నవ్వారు. తమ్ముడు, "అన్నా, నీ పక్కన కూసోబెట్టుకుని ఏం నేర్పినవే అల్లుడికి?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

మధ్యాహ్నం అల్లుడు ఇంటి ముందు గోరువెచ్చని నీళ్ళతో గొలుసులు కడుగుతున్నాడు. రోడ్డు మీద చల్లిన ఉప్పు పోకపోతే అవి తుప్పు పడతాయి. పక్కన కూర్చుని అడిగాను.

"నీకు తెల్వదా అది ముందు చక్రాల బండని?"

"కొన్న రోజే తెలుసు మామయ్యా. కాగితాల్లో ఉంది."

"మరి ఆడ గట్టిగ చెప్పకపోతివి?"

"బొమ్మ చూపించాను కదా. మీరు కాదన్నాక రెండోసారి అనడానికి నోరు రాలేదు. టైర్లు కొత్తవే, ఎక్కేస్తుందిలే అనుకున్నా."

"వెనక మీ అమ్మ ఉన్నది."

అతను గొలుసు గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. "నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నా మామయ్యా" అన్నాడు.

లేచి లోపలికి వెళ్ళి లావణ్యకు చెప్పాను, కట్టింది నేనని. ఆమె నమ్మలేదు. "అల్లుణ్ణి ఎనకేసుకు రాకు నాన్నా. నీకు తెల్వని బండా?" అని నవ్వింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వింది. వంటగదిలోంచి సావిత్రమ్మగారు బయటికి వచ్చారు. కొండ మీద అద్దం ఎత్తేశాక ఆమె నాతో అన్న మొదటి మాట అది: "నోటితో చెబితే నమ్మదు అన్నయ్యగారూ. నలుగురూ చదివేలా రాయండి. తప్పులు నేను దిద్దుతాను." అందుకే రాశాను. అక్షరాలు ఆమె దిద్దారు. జరిగింది మాత్రం దిద్దడానికి నేను ఒప్పుకోలేదు, ఆమె అడగనూ లేదు.

నా లారీ మీద ఎందరో క్లీనర్లు పనిచేశారు. ఒక్కడూ నాకు ఎదురు చెప్పలేదు. అది నా పనితనమని ఇన్నేళ్ళూ చెప్పుకుని తిరిగాను. ఆ కొండ మీద సొంత తల్లిని వెనక కూర్చోబెట్టుకుని కూడా నాకు అడ్డం చెప్పలేకపోయాడు చదువుకున్న మనిషి. నా ముందు మనుషులకు నోరు రాకుండా చేసింది నేను. అల్లుడికి మర్యాద చెయ్యాల్సిన మామను, అతని మర్యాద తీసి నా తల మీద కప్పుకున్నాను. లావణ్యా, చదువుతున్నావు కదా. కట్టింది నేనే.

మీలో ఎవరైనా చలికాలం క్యాంపర్ వ్యాన్ తీసుకుని కొండకు వెళ్ళేట్టయితే ఒక్కటి చెయ్యండి. ఇంజను ఏ చక్రాలను తిప్పుతుందో బండి కాగితాల్లో చూసుకుని, బయలుదేరడానికి వారం ముందే ఇంటి దగ్గర పొడి నేల మీద గొలుసులు ఒకసారి కట్టి విప్పండి. అక్కడ తప్పు చేస్తే మోకాళ్ళకు మట్టి అంటుకుంటుంది, అంతే.