ఇంకోసారి మాస్టారు

"అది మార్కు కాదండీ, మొదటి మార్కు! ఇంకోసారి పెడదాం."

ఒక్కసారి వచ్చిన మార్కును నమ్మకపోవడం. మా మాస్టారి జబ్బు ఇదొక్కటే. ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి పరీక్షల గదిలో ఆయన పరీక్ష పెడతారు, పక్క బల్ల దగ్గర నేను రిపోర్టు టైపు చేస్తాను. పరీక్ష చిన్నదే. పలక మీద తొమ్మిది చెక్కముక్కలు. ఆయన కొన్నింటిని వేలితో తడతారు, వచ్చినవాళ్ళు అదే వరసలో తట్టాలి. తప్పు లేకుండా ఎన్ని తడితే అంత మార్కు. పది నిమిషాల పని, మాస్టారి చేతిలో పడితే పది రోజులు. ఒకే రిపోర్టు ఏడుసార్లు కొట్టీ కొట్టీ నా పేరు నేనే మర్చిపోయే స్థితికొచ్చాను.

మనుషులు దొరక్కపోతే లిఫ్టు ఆపరేటర్ని లాక్కొచ్చేవారు.

"పదకొండోసారికి ఎనిమిది తట్టాను సార్! నా బుర్ర అమోఘం అని రాయండి."

"అది నీ బుర్ర కాదు నాయనా, నా చెక్కలతో నీకు కుదిరిన చుట్టరికం. వరస మార్చి ఇంకోసారి..."

లిఫ్టు ఆపరేటరు మెట్లమీదుగా పారిపోవడం ఆ రోజే చూశాను.

ఇంట్లోనూ ఇదే వరస. వాళ్ళావిడ ఓసారి ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, తాళాలు బీరువాలో లేవని నాలుగుసార్లు తేల్చారు. ఐదోసారి వెతుకుతున్నారు. మీ దగ్గరికే పంపేస్తున్నా, ఉంచేసుకోండి."

ఈ వారం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. మలుపు మర్చిపోయి బండిని వేరే వీధిలోకి తిప్పాడట, డిపోవాళ్ళు పరీక్షకు పంపారు. ఐదు మార్కులు రాకపోతే ఇరవై రెండేళ్ళ స్టీరింగు చెయ్యి జారినట్టే. సోమవారం మూడు. బుధవారం ఆరు. గురువారం మళ్ళీ మూడు. శుక్రవారం పొద్దున్నే పెద్ద డాక్టరు తలుపు తోసుకొచ్చి, "మూడని రాసి ఇవాళే పంపేయండి" అని వెళ్ళిపోయారు.

నాకూ ఓపిక లేదు. "రాసేద్దామండీ. రెండుసార్లు మూడే వచ్చిందిగా."

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "డ్యూటీ చార్టు తెప్పించి చూశాను. మూడొచ్చిన రెండు రోజులూ రాత్రంతా బండి నడిపి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. నా చెక్కలు కొలిచింది అతని నిద్రలేమిని. ఎంతొస్తే అంతే రాస్తాను. కానీ ఆ వచ్చేది మనిషిది కావాలి కదా?"

"మరి డాక్టరుగారో?"

"ఇందాక వెనకాలే వెళ్ళి సాయంత్రం దాకా గడువడిగాను, సరేనన్నారు. భోజనం వేళలో పెడతాను లెండి. అదనంగా పెట్టేవన్నీ అప్పుడేగా."

ఆకలే వేయని మనిషి అనుకున్నానే ఇన్నాళ్ళూ!

వరండా బెంచీ మీంచి గురక వినిపిస్తోంది. డ్రైవరే. నిన్న రాత్రీ డ్యూటీయేనట.

"లేపకండి, పన్నెండున్నర దాకా పడుకోనివ్వండి" అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "మొహం మీద ఎండ పడుతోందేమో, మీరెళ్ళి ఆ పరదా కాస్త లాగి రండి. చెప్పులు ఇక్కడే వదిలేసి వెళ్ళండి, చప్పుడవుతుంది."