ఎండబెట్టిన ఎర్ర నాచు

మా తమ్ముడు డెంగ్యూతో పోయిన రోజు, "దీనికి మందంటూ లేదు, సెలైన్ పెట్టి చూడడమే" అన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఆ మాట నాన్న మనసులోంచి పోలేదు. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక పరిశోధన ల్యాబులో టెక్నీషియన్‌ని. సముద్రపు నాచుల్లోని ప్రొటీన్లలో ఏదైనా డెంగ్యూ వైరస్‌ను మన కణాల్లోకి చొరబడకుండా ఆపుతుందేమోనని మా సారు వెతుకుతున్నారు. ఇంట్లో ఈ సంగతి చెప్పాను. చిన్న పడవలో ఒంటరిగా వేటకెళ్ళే నాన్న, లంగరు తాడుకు చుట్టుకున్న ఎర్ర నాచును బకెట్లో నీళ్ళతో సహా తెచ్చిచ్చాడు.

అది పనిచేసింది. కణాలు పెంచే గిన్నెలో దాని ప్రొటీన్ కలిపితే వైరస్ ఎదగలేదు. రుజువు చేయడానికి అదే నాచు ఇంకా చాలా కావాలన్నారు సారు. అది దొరికే చోటు నాన్న ఒక్కడికే తెలుసు. కొండ కొమ్మునూ లైట్‌హౌసునూ ఒక వరసలోకి తెచ్చుకుని పోల్చుకునే చోటు.

నాలుగు రోజుల తర్వాత నాన్న గోనెసంచితో నేరుగా ల్యాబుకొచ్చాడు. నాచంతా ఉప్పు పట్టించి, పడవ మీదే ఎండబెట్టాడు. చెడకూడని చేపను మావాళ్ళు అలాగే దాస్తారు. అంత శ్రద్ధగా చేశాడు.

సారు ఒక పోగు తీసి చూసి, "అరే చాచా, యే ల్యాబ్ హై, సూఖీ మచ్లీ కా బజార్ నహీ" అన్నారు. ఎండు చేపల బజారనేసరికి అందరూ నవ్వారు. ఎవరెక్కడ నిలబడి నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. నాన్న కూడా నవ్వాడు. ఎండకు ప్రొటీన్ చెడిపోయింది, ఆ సంచి ఎందుకూ పనికి రాలేదు.

బతు బస్తీలోని మా ఇంటికి ఆటోలో వస్తుంటే నాన్న అడిగాడు. "ఐసులో ఎట్టాలని ఆయన సెప్పలేదు, సరే. నువ్వైనా సెప్పలేదేటి తల్లీ?"

చెప్పాల్సింది సారు కదా అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఐసు లేకుండా ఏ నమూనానూ ముట్టుకోని దాన్ని నేను.

మళ్ళీ తెమ్మని సారు నాతో రెండుసార్లు అడిగించారు. "మీ సారుని ఎండుసేపల బజార్లోనే ఎతుక్కోమను" అన్నాడు నాన్న. నేను బతిమాలలేదు. సారే మా గుమ్మంలోకొచ్చి క్షమించమనాలని నేనూ పట్టుబట్టాను. ఆయన రాలేదు. ఆ వానాకాలంలోనే నాన్న గుండె ఆగి పోయాడు.

అప్పుడొచ్చారు సారు. టీ తాగి, గ్లాసు కింద పెడుతూ, "ఆ చోటు చాచా ఎవరికైనా చెప్పాడా?" అన్నారు. లేదన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

తర్వాత ఎందరో జాలర్లు ఎర్ర నాచు తెచ్చారు, ఐసులో పెట్టి మరీ. ఒక్కటీ వైరస్‌ను ఆపలేదు. బకెట్లో వచ్చిన మొదటి నాచు నుంచి తీసిన ప్రొటీన్ ఫ్రీజరులో ఒక్క ట్యూబు మిగిలింది. పోయిన నెల దాన్నీ వాడేశాం. వైరస్ వేసిన మూడో రోజుకీ గిన్నెలో కణాలు బతికే ఉన్నాయి.

సాయంత్రం అమ్మ, పనిచేసిందా అని అడిగింది. చేసిందన్నాను.

"మరి మందెప్పుడొస్తాదే?" అంది.