ఒళ్లు తిన్న కండ

ఎనభైల్లో, వానలు ముఖం చాటేసిన ఏడాది, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే సాయంత్రం బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. బావులు తవ్వే మనిషి. పొద్దున్నుంచి గడ్డపార వేసిన చేతులు ఒళ్లో పెట్టుకున్నా వణుకుతూనే ఉన్నాయి. నేను బడిలో డ్రిల్లు మాస్టరుని. నా సంచిలో ఉన్న బెల్లం, చెనిక్కాయలు ఇచ్చాను. చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుని, మిగతాది తువ్వాలు కొసన ముడేసుకున్నాడు.

"అంతా తినప్పా. కష్టపడినాక తింటేనే అరిగిన కండ మళ్లా కూడుకుంటాది. లేకుంటే ఒళ్లు తన కండనే కరిగించుకుని తింటాది," అన్నాను, పిల్లలకు పాఠం చెప్పినట్టే.

ఆయన పంచె పైకి జరిపి, ఎండిన కట్టెలాంటి తొడ చూపించాడు.

"ఎప్పుడో తినేసిండాది సామీ. ఈ బెల్లమూ ఇప్పుడే తినేస్తే, రేపు గడ్డపార ఎత్తేదానికి సత్తువ యాడ్నించి వస్తాది?"



చౌడేపల్లె దారిలో బస్సు ఆగింది. ఆయన లేవబోతే కాలు పట్టేసింది. మొండికేసిన ఎద్దును అదిలించినట్టు పిడికిలితో తొడ మీద రెండు దెబ్బలు వేశాడు.

"లెయ్, ఇంకా రెండు మైళ్లుండాది," అన్నాడు దానితో. కుంటుకుంటూ దిగిపోయాడు.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, అలిసి ఆగిన పిల్లవాణ్ణి ఇంకో చుట్టు పరిగెత్తమనడానికి నాకు నోరు రాలేదు.