పెన్న మొగ దగ్గర ఊపిరి

కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ నన్ను అడిగిన మొదటి కోరిక ఇది. "ఇన్నేళ్లూ పెన్న ఒడ్డునే బతికినా గానీ, అది సముద్రంలో కలిసే చోటు చూళ్లేదు. తీసుకపో."

మాది నెల్లూరు. అమ్మ పేరు మహబూబీ, మిషన్ కుడుతుంది. ఫిబ్రవరి మంచులో పొద్దున్నే మైపాడు బస్సెక్కాం. ఇందుకూరుపేటలో దిగి కారం దోసెలు తిని, షేర్ ఆటో పట్టుకున్నాం. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు మంచులో ఆవిర్లు కక్కుతున్నాయి. పక్కన కూర్చున్న చేపలావిడ మా ప్రయాణం సంగతి విని, "మొగ చూడాలంటే పోటు మీదే పోవాలమ్మా. నీళ్లు తీసినాయంటే పడవ ఇసకెక్కుద్ది," అంది. నది సముద్రంలో కలిసే చోటును ఇక్కడ మొగ అంటారు.

రేవులో అటవీశాఖ బోర్డు ఉంది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజను పడవలకు అనుమతి లేదు. పడవాయన కోటయ్య గెడ వేసి పడవ నడిపాడు. ముందువైపు అతని భార్య రమణమ్మ కూర్చుంది. మడచెట్ల మధ్య నీళ్లు చప్పుడు లేకుండా జరుగుతున్నాయి. ఆకాశమేదో నీళ్లేవో తెలియడం లేదు. తెల్లకొంగలు లేస్తే మంచే లేచినట్టుంది. అమ్మ వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. "సగం ఉప్పు, సగం తీపి ఉండాది."

దూరంగా సముద్రం హోరు వినిపించే చోట, కోటయ్య ముందురోజు కట్టిన వల బరువుగా వేలాడుతోంది. లాగితే తాబేలు. మెడకూ రెక్కలకూ దారాలు చుట్టుకుని, కదలడం లేదు.

కోటయ్య కత్తి తీసి ఆగిపోయాడు. "వల మా బావమరిదిది, అడిగి తెచ్చుకున్నా. మొన్ననే కొన్నాడు."

"దేవుడి రూపం. కొయ్యి," అంది రమణమ్మ.

కోశాడు. అందరం కలిసి దాన్ని పక్కనున్న ఇసుకతిప్ప మీదికి మోశాం. తోక వైపు చెక్క పెట్టి ఎత్తితే నోట్లోంచి నీళ్లు కారాయి. అమ్మ తన శాలువా తడిపి దాని వీపున కప్పింది. తిప్ప చివర కుక్కలు కాచుకుని ఉన్నాయి.

కాసేపటికి కోటయ్య నీళ్లకేసి చూశాడు. "నీళ్లు తీస్తా ఉండాయి పెద్దమ్మా. ఇప్పుడు కదిల్తేనే మొగ దాకా పోగలం. ఇది లేస్తదో లేదో చెప్పలేం."

అమ్మ శాలువా మీద మళ్లీ నీళ్లు చల్లింది. "మొగ యాడికీ పోదులే నాయనా."

ఎండ ఎక్కింది. మంచు విడిపోయింది. నేను ఆశ వదులుకున్నాను. అప్పుడు తాబేలు మెడ పైకెత్తి, బరువుగా, బొంగురుగా ఊపిరి పీల్చింది. రమణమ్మ ఏడ్చేసింది. కొంగు ముడిలోంచి పసుపు తీసి దాని వీపుకి రాసింది. అమ్మ పెదవులు దువా చదువుతున్నాయి. నీళ్లలోకి తోస్తే ఒకసారి తేలి, హోరు వినిపించే వైపుకి వెళ్లిపోయింది.

మాకు మాత్రం దారి మూసుకుపోయింది. ఇసుక మేటలు బయటపడ్డాయి. వెనక్కి తిరిగాం. మీరు వెళ్తే పోటు వేళ ముందే కనుక్కుని బయల్దేరండి.

మధ్యాహ్నం బస్సులో మా మాటలు విని ఒకాయన అడిగాడు, "మొగ చూసినారామ్మా?"

"విన్నాం," అంది అమ్మ. తర్వాత నాతో, "ఆ వల సంగతి కోటయ్య బావమరిదికి ఏం చెప్పుకుంటాడో పాపం," అంది. ఇద్దరి బట్టలూ ఇంకా తడిగానే ఉన్నాయి, ఉప్పు వాసన వేస్తున్నాయి. అమ్మ కళ్లు మూసుకుని, ఆ తాబేలు మెడ ఎట్లా ఎత్తిందో తన చేత్తో నా చెయ్యి మీద చేసి చూపించింది, మెల్లగా, మళ్లీ మళ్లీ.