మేనమామ రక్తమే కావాలంది అక్క

మా అక్క కూతురికి తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కించకపోతే పిల్ల సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది. దానిదీ నాదీ ఒకటే గ్రూపు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించినట్టే, రక్తం కూడా మేనమామదే ఎక్కాలని అక్క పట్టు. "బయటోళ్ల రక్తం ఎట్లుంటదో ఏమో, నువ్వే ఇయ్యిరా తమ్ముడా" అనేది. నాకూ గర్వమే. వీలైనప్పుడల్లా నారాయణగూడలోని ఒక చిన్న రక్తనిధికి వెళ్లి ఇచ్చేవాణ్ణి. నాకు కుదరని నెలల్లో బయటి రక్తం ఎక్కేది. అప్పుడు అక్క చిక్కడపల్లిలో ఒక్క గుడినీ వదిలేది కాదు.

మొన్న ఆ రక్తనిధికి సెలవంటే హైదర్‌గూడలో ఇంకోచోట ఇచ్చాను. వాళ్లు ఫోన్ చేసి రమ్మన్నారు. నా రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉందట.

"నా బొంద ఉంది! ఎప్పుడు చూసినా లేదనే వచ్చింది గదా" అని డాక్టరు మీద అరిచాను. పెద్దాయన, ఓపికగా చెప్పాడు. మామూలు పరీక్ష వైరస్ పైపొరను వెతుకుతుందట. కొందరిలో అది దొరకదు, వైరస్ మాత్రం కాలేయంలో నక్కి ఉంటుంది. వీళ్ల కొత్త పరీక్ష నేరుగా వైరస్‌నే పట్టుకుంటుందట. స్కానింగు కూడా తీయించాడు. "మీ కాలేయం నిక్షేపంగా ఉంది. భయపడకండి" అన్నాడు.

నా భయం నా గురించా? "మా పాపకు ఇచ్చిన సార్" అన్నాను. టీకా వేయించారా అని అడిగాడు. వేయించాం. అది చాలామందిని కాపాడుతుంది గానీ అందరినీ కాదు, పాపను తీసుకురమ్మన్నాడు.

అశోక్‌నగర్‌లో అక్క ఇంటికి వెళ్లాను. చెబితే నమ్మలేదు. "నీకేమైందిరా, గుండ్రాయి లెక్క ఉన్నవ్" అని నవ్వింది. నా ముఖం చూశాక నవ్వడం మానేసింది.

పాపను తీసుకెళ్లి పరీక్ష చేయించాం. "దేవుడా, నా కాలేయం కుళ్లిపోయినా సరే, పిల్లను ముట్టకు" అని సిటీ బస్సులో పైకే అనేశాను. పక్కాయన కొంచెం జరిగి నిలబడ్డాడు.

పాపకూ ఉంది. పోయినసారి పరీక్షలో లేనిది ఈసారి వచ్చింది. ఎవరి రక్తం నుంచి వచ్చిందో ఖాయంగా చెప్పలేమన్నాడు డాక్టరు. మందులున్నాయట. కానీ ఇన్నేళ్లుగా ఎక్కిన రక్తంలోని ఇనుము పేరుకుని పాప కాలేయం ముందే దెబ్బతిని ఉందన్నాడు.

అక్క నన్ను తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోజు పాపకు ముక్కూ మొహం తెలియనివాళ్ల రక్తం ఎక్కుతోంది. అక్క ఆ సంచీకి చేతులు జోడించి, "ఏ తల్లి కన్న బిడ్డనో, సల్లగుండాలె" అంది.

"మామా, ఇక్కడ కూసో" అని పాప మంచం మీద జరిగి నాకు చోటిచ్చింది. అక్క వచ్చి ఆ చోట్లో కూర్చుంది.