కువైట్‌కి ముందు కట్టిన నేస్తం

కువైట్ కాపురమంటే నాకు ఒకటే భయం, అక్కడ మంచాన పడితే ఎవరు చూస్తారని. డాక్టరు ఖర్చు కంపెనీదేనని మా ఆయన రాశారు గానీ, గంజి కాచేదెవరో రాయలేదు.

డెబ్బైల్లో మాట. అరకు నుంచి విశాఖ దిగే రైల్లో పక్కన కూర్చున్న కొండావిడతో ఆ భయమే చెప్పుకున్నాను.

“ఏటమ్మా భయం? కొత్తూరెల్తే ముందల ఒక నేస్తం కట్టుకోవాల. గంజి అదే తెత్తాది,” అని తన కొప్పులో పువ్వు నాకు పెట్టి, నా జడలోది అడిగి తీసుకుంది; వాళ్ళలో నేస్తం కట్టడమంటే అదేనట. పేరడిగితే, “నేస్తానికి పేరేటి? నేస్తం అనే పిలవాల,” అంటూ బొర్రాలో దిగిపోయింది.

కువైట్‌లో ఎదురింటి మలయాళీ ఆవిడకి ఆవకాయ ఇచ్చి, కొబ్బరికాయ అడిగి తీసుకున్నాను. ఆ వేసవిలోనే నాకు టైఫాయిడ్. ఆస్పత్రికి గంజి తెచ్చిన ఆవిణ్ణి, ఈమెకి ఏమవుతావని నర్సు అడిగింది.

నా నోట విని ఆవిడ నేర్చిన తెలుగు ఒకటే ముక్క. “నేస్తం,” అంది.